మూడో బీరువాలోని నీలం అట్ట పుస్తకం

1989 జూలై 12, బుధవారం, సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలకు ఎస్తేరు టీచరు నా బల్ల మీద నీలం అట్ట పుస్తకం పెట్టారు. మనసుకు వచ్చే జబ్బుల గురించి, జబ్బుమనిషితో కలిసి బతికే ఇంటివాళ్ళ కోసం ఒక డాక్టరు రాసిన పుస్తకం అది. 214 పేజీలు. నేను వెనక అట్ట జేబులోంచి కార్డు తీసి, తేదీ వేసి, ఆమె పూర్తి పేరూ ఉద్యోగమూ గుండ్రటి అక్షరాలతో రాశాను. ఒక నిమిషం పట్టి ఉంటుంది. ఆ నిమిషంలో రాసిన రాత వల్ల తొమ్మిది నెలల పదకొండు రోజులకు ఆమె ఉద్యోగం పోయింది. దాన్ని సరిదిద్దుదామని నేను చేసిన పని వల్ల ఉన్న ఇల్లు కూడా పోయింది.

సికింద్రాబాద్‌లో పద్మారావు నగర్‌కు నడిచివెళ్ళే దూరంలో ఉన్న ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. 1972లో చేరాను, 2006లో రిటైరయ్యాను. ముప్ఫై నాలుగేళ్ళలో చివరి ఇరవై రెండేళ్ళు గ్రంథాలయం నా చేతిలో ఉంది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు వర్గీకరణ ఎలా చేయాలో, కేటలాగు ఎలా రాయాలో నేర్పడానికి కోర్సులు ఉన్నాయి. వాటిలో చెప్పనిది ఒకటి ఉంది. అది నేను చెప్పాలి, ఎందుకంటే దాన్ని నేర్చుకున్నది నేనైతే, మూల్యం చెల్లించింది ఇంకొకరు.

మూడో బీరువాకు వచ్చేవాళ్ళు

మా మొదటి రెండు బీరువాలు కథలవి, నవలలవి. మూడోది మనిషి గురించి, సంఘం గురించి, మనసు గురించి రాసిన పుస్తకాలది. 1987 డిసెంబరు తనిఖీ ప్రకారం అందులో 286 పుస్తకాలు. తెలుగువి 171, ఇంగ్లీషువి 115.

నవలల బీరువా దగ్గర జనం ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఇది బాగుంటుంది, అది తీసుకోకండి అని చెప్పుకుంటారు. మూడో బీరువా దగ్గర ఎవరూ మాట్లాడరు. పుస్తకం తీసి అట్ట తమవైపు తిప్పి పట్టుకుంటారు. బల్ల దగ్గరికి తెచ్చేటప్పుడు దానిమీద ఒక నవల పెట్టి తెస్తారు. మా అటెండరు యాదగిరి నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, నాకంటే ముందు నుంచి అక్కడ ఉన్నవాడు. అతను దీన్ని నాకంటే ముందే కనిపెట్టాడు.

"మూడో బీరువ కాడ నిలబడ్డోళ్ళను జూడుండ్రి మేడం. మందుల దుకాణంల నిలబడ్డట్టే ఉంటరు. చీటి ఎవ్వలికి సూపియ్యరు."

తిరిగివచ్చిన ప్రతి పుస్తకాన్నీ పేజీ పేజీ తిప్పి చూడటం నా అలవాటు. మూడో బీరువా పుస్తకాల నిండా పెన్సిల్ రాతలు ఉండేవి. అనుమానం గురించి రాసిన పేజీ పక్కన "మా పెద్ద బావ" అని, అధికార దాహం గురించిన పేజీ పక్కన "మా సెక్షన్ ఆఫీసరు" అని. ఒక పుస్తకంలో పిల్లల్ని తమ గుప్పిట్లో ఉంచుకునే తల్లుల గురించి ఒక అధ్యాయం ఉంది. దాని పైన ఒక కోడలెవరో "అత్తయ్య చేత చదివించాలి" అని రాసింది. దాని కింద వేరే చేతిరాతతో, "చదివాను. ఇది మీ అమ్మ గురించి" అని ఉంది. యాదగిరికి చదివి వినిపిస్తే రెండు రోజులు నవ్వాడు.

నేను ఇవన్నీ రబ్బరుతో తుడిచేదాన్ని. ఎన్ని తుడిచానో కూడా ఒక చిన్న పుస్తకంలో గీతలు పెట్టుకునేదాన్ని. ఇరవై రెండేళ్ళలో 643. మనిషి స్వభావం గురించి చదివినవాళ్ళు 642 చోట్ల పక్కవాడిని గుర్తుపట్టారు. తనను తాను గుర్తుపట్టినవాడు ఒక్కడే. వాడి సంగతికి వస్తాను.

నరసింహం గారి అంకెలు

నాకు ముందు పనిచేసిన గ్రంథపాలకుడు నరసింహం గారు. కార్డు మీద సభ్యుడి నంబరు మాత్రమే వేసేవారు, అదీ చీమ తలంత సైజులో. పేరు రాయరు. నేను చేరిన కొత్తలో ఎందుకని అడిగాను. కళ్ళజోడు మీదుగా చూసి అన్నారు: "పుస్తకం ఎవరి దగ్గరుందో మనకు తెలిస్తే చాలమ్మా. ఎవరి దగ్గర ఉండేదో తర్వాత తీసుకున్నవాడికి ఎందుకు?"

అది బద్ధకానికి చెప్పుకునే సాకు అనుకున్నాను. నరసింహం గారికి బద్ధకం ఉన్న మాట నిజం. మధ్యాహ్నం పూట పేపరు ముఖం మీద కప్పుకుని నిద్రపోయేవారు. ఆయన పని మీద నాకు గౌరవం ఉండేది కాదు. నా పొరపాటు అక్కడ మొదలైంది. మనం గౌరవించని మనిషి మాటలో కూడా పనికొచ్చేది ఉంటుందని నాకు తట్టలేదు.

1984లో ఆయన రిటైరయ్యారు. 1987 డిసెంబరు తనిఖీలో తొమ్మిది పుస్తకాలు తగ్గాయి. అందులో రెండు, కార్డు మీది 47ను 41గా చదవడం వల్ల వేరేవాళ్ళను అడిగి పోగొట్టుకున్నవి. నాకు అది అవమానంగా తోచింది. 1988 జనవరి నుంచి ప్రతి కార్డు మీదా తేదీ, సభ్యుడి పూర్తి పేరు, ఉద్యోగం రాయడం మొదలుపెట్టాను. నన్ను ఎవరూ అలా చేయమనలేదు. నిబంధనల్లో లేదు. తనిఖీకి వచ్చిన అధికారి కార్డులు చూసి ఎంత శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నారు. ఆ ఏడాది ఒక్క పుస్తకమూ పోలేదు.

పుస్తకం బయటికి వెళ్ళినప్పుడు కార్డు మా దగ్గర ఉంటుంది. పుస్తకం తిరిగొచ్చాక కార్డు దాని జేబులోకి వెళ్ళి బీరువాలో కూర్చుంటుంది. ఆ బీరువా ఎవరైనా తెరవచ్చు.

ఎస్తేరు టీచరు

ఆమెది గుంటూరు వైపు. అప్పటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. ఒక ప్రైవేటు బడిలో పద్నాలుగేళ్ళుగా లెక్కల టీచరు. పద్మారావు నగర్‌లో రెండు గదుల వాటాలో తమ్ముడితో ఉండేవారు. బడిలో ఆమే అందరికంటే సీనియరు. ప్రధానోపాధ్యాయురాలు 1990 ఏప్రిల్‌లో రిటైరవుతుందనీ, ఆ కుర్చీ ఎస్తేరు టీచరుదేననీ బడి పిల్లలు కూడా అనుకునేవారు.

నీలం అట్ట పుస్తకాన్ని ఆమె నాలుగుసార్లు తీసుకున్నారు. జూలై 12, ఆగస్టు 30, అక్టోబరు 11, డిసెంబరు 6. నాలుగూ బుధవారాలే, ఆ రోజు ఆమెకు చివరి పీరియడు ఉండేది కాదు. వరుసగా పదమూడు, పద్నాలుగు, పన్నెండు, పద్నాలుగు రోజులు ఉంచుకున్నారు. మొత్తం యాభై మూడు రోజులు. ఒక్కసారి కూడా గడువు దాటలేదు.

డిసెంబరు 20న నాలుగోసారి తిరిగి ఇచ్చినప్పుడు, ఆమె ముందే పేజీలు తిప్పాను. 87వ పేజీలో, లేని గొంతులు వినిపించడం గురించి రాసిన చోట, అంచున పెన్సిల్‌తో రెండు మాటలు ఉన్నాయి: "ఇది నేనే."

టీచరు రాసి ఉంటారనుకుని తల ఎత్తాను. ఆమె ముఖం ఎర్రబడింది. నేను ఏమీ అడగకుండానే చెప్పారు. రాసింది తమ్ముడు దానియేలు. వాడికి ఆరేళ్ళుగా ఆ జబ్బు. తనకు జబ్బుందని ఎవరు చెప్పినా ఒప్పుకునేవాడు కాదు, మందులు పారేసేవాడు. ఈ పుస్తకం ఇంట్లో పెట్టి, చదవమని చెప్పకుండా వదిలేశారు. నాలుగోసారికి వాడంతట వాడే తీశాడు. ఆ రెండు మాటలు రాసిన మర్నాటి నుంచి మాత్ర వేసుకుంటున్నాడు.

"ఎవరికీ చెప్పకండి. ఇంటి ఓనర్లకి కూడా నీరసం అనే చెప్పామండి," అన్నారు. పుస్తకం వైపు చూసి, "ఆ పేజీ అలా ఉంచెయ్యకూడదా అండి?" అని అడిగారు.

ఒకరికి ఉంచితే అందరికీ ఉంచాలని చెప్పాను. జరిమానా మాత్రం వేయనన్నాను. అది పెద్ద ఉదారంగా నాకు తోచింది. ఆమె వెళ్ళాక రబ్బరు తీసి ఆ రెండు మాటలు తుడిచి, చిన్న పుస్తకంలో గీత పెట్టుకున్నాను.

1990 ఫిబ్రవరి 15, గురువారం

ఆమె పనిచేసే బడి కరస్పాండెంటు మా గ్రంథాలయానికి పాత చదువరి. వేసవిలో చదువరుల గదికి మంచినీళ్ళ కుండలు పంపేవారు, రెండు బెంచీలు చేయించి ఇచ్చారు. ఆయన వస్తే యాదగిరి లేచి నిలబడేవాడు. నేనూ లేచేదాన్ని. ఆయన ఎప్పుడూ మూడో బీరువా నుంచే తీసుకునేవారు, అదీ మనుషుల్ని నడిపించడం ఎలా అని చెప్పే పుస్తకాలు.

ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకు ఆయన నీలం అట్ట పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. పుస్తకం మూసి ఉంది, కార్డు చేతిలో ఉంది.

"ఏం మేడం, ఈమె మా టీచరేనా?"

కార్డు మీద పేరు ఉంది, ఉద్యోగం ఉంది. కాదనే వీలు లేదు. అవునన్నాను. నాలుగుసార్లు తీసుకున్నట్టుంది నిజమేనా అని అడిగారు. ఇష్యూ రిజిస్టరు తీశాను. నాలుగు తేదీలు, తిరిగి ఇచ్చిన నాలుగు తేదీలు, మొత్తం రోజులు చదివి వినిపించాను. ఒక నిమిషం కూడా పట్టలేదు.

అప్పుడు నా మనసులో ఏముందో రాయకపోతే ఇదంతా రాయడం దండగ. భయపడి చెప్పలేదు. గర్వంతో చెప్పాను. నా రిజిస్టరు మాత్రమే జవాబు చెప్పగల ప్రశ్నను ఇన్నేళ్ళకు ఒక పెద్దమనిషి అడిగాడు. నేను తప్పు లేకుండా చెప్పాను. ఆయన మెచ్చుకోలుగా తల ఊపారు. తర్వాత గొంతు తగ్గించారు.

"ఆమెకేనా, ఇంట్ల ఎవలికన్ననా?"

నాకు తెలుసు. ఎవరికీ చెప్పవద్దని ఆమె అడిగింది కూడా గుర్తుంది. మాట తప్పకూడదనుకున్నాను.

"అది రిజిస్టరులో ఉండదండి," అన్నాను.

"గంతే గద," అని నవ్వి, కార్డు తన చొక్కా జేబులో పెట్టుకుని, పుస్తకం నా బల్ల మీద వదిలి వెళ్ళిపోయారు.

చెప్పకూడని తేదీలు చెప్పేశాను. మాట నిలబెట్టుకుంటున్నాననుకుని, ఆమె ఒంటిమీదికి వచ్చిన అనుమానాన్ని అక్కడే ఉంచేశాను. రెండు పనులూ నిజాయితీగానే చేశాను. యాదగిరి మూల నుంచి అంతా విన్నాడు. ఆయన గేటు దాటాక, బెంచీ తుడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు: "ఎన్ని దినాలు ఉంచుకున్నదో సుత చెప్పాల్నా మేడం?"

ఏప్రిల్

ఏప్రిల్ 23, సోమవారం బడి ఆమెకు ఉత్తరం ఇచ్చింది. పిల్లల క్షేమం దృష్ట్యా వచ్చే విద్యా సంవత్సరం నుంచి ఆమె సేవలు అవసరం లేదని రెండు వాక్యాలు. ప్రధానోపాధ్యాయురాలి కుర్చీ కరస్పాండెంటు గారి కోడలికి వెళ్ళింది. ఆమె ఆ బడిలో మూడేళ్ళు పనిచేసింది.

మర్నాడు సాయంత్రం ఎస్తేరు టీచరు గ్రంథాలయానికి వచ్చారు. తన దగ్గరున్న పుస్తకమూ, సభ్యత్వ కార్డూ నా ముందు పెట్టారు. ఆమె అరవలేదు. లెక్క చెబుతున్నట్టు చెప్పారు. ఆఫీసు గదిలో ముగ్గురి ఎదుట కరస్పాండెంటు ఆమెను, మీకు వైద్యం జరుగుతోందా అని అడిగారట. లేదన్నారట. మరి ఈ పుస్తకం నాలుగుసార్లు ఎందుకని అడిగారట. తమ్ముడి సంగతి చెప్పలేక, ఊరికే చదివానని అన్నారట.

"నాలుగు బుధవారాలూ చదివి వినిపించారండి. యాభై మూడు రోజులని కూడా చెప్పారు. బోర్డు మీద నేను కూడా అంత కరెక్టుగా వెయ్యనండి."

నేను అబద్ధం ఏమీ చెప్పలేదని అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

"చెప్పలేదండి. అబద్ధం అయితే కాదని చెప్పుకునేదాన్ని."

రసీదు రాయబోతే వద్దని వెళ్ళిపోయారు. రసీదు రాయకుండా నేను తీసుకున్న సభ్యత్వ కార్డు అదొక్కటే.

నా దిద్దుబాటు

రికార్డులో తప్పుంటే సరిచేయడం నాకు తెలిసిన పని. ఏప్రిల్ 28, శనివారం ఉదయం కరస్పాండెంటు గారి ఇంటికి వెళ్ళాను. ఎస్తేరు టీచరును అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు. ఆమెకు ఏ జబ్బూ లేదనీ, పుస్తకం తమ్ముడి కోసమనీ, వాడు ఇప్పుడు మందులు వాడుతున్నాడనీ చెప్పాను. ఇది వింటే ఉత్తరం వెనక్కి తీసుకుంటారని నిజంగానే నమ్మాను.

ఆయన ఓపికగా విన్నారు. టీ తెప్పించారు.

"అయితే ఇంకా తక్లీఫ్ గద మేడం. ఆమెకైతే గోలీ ఏసుకుంటది, అయిపాయె. గా తమ్ముడు రేపు బడి గేటు కాడికొస్తే తల్లిదండ్రులకు నేనేం జవాబు జెప్పాలె?"

కోడలి పేరు ఫిబ్రవరిలోనే అనుకున్నామని కూడా, నా దగ్గర దాచాల్సిన పని లేదన్నట్టు, చెప్పారు. నేను ఆ టీ తాగి వచ్చాను. అది కూడా రాయాలి.

ఎస్తేరు టీచరు ఇంటి ఓనరు పిల్లలిద్దరు అదే బడిలో చదివేవారు. సంగతి ఆ ఇంటికి చేరడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ ఓనరు తల్లి భాగ్యమ్మ అనే ముసలావిడ, రోజూ టీచరు బడికి వెళ్ళాక వరండాలో కూర్చుని దానియేలును కనిపెట్టుకుని ఉండేది. పదకొండింటికి టీ ఇచ్చేది. తనలో తాను మాట్లాడుకుంటుంటే, ఏందిరా కొడుకా, నాతోని మాట్లాడరాదా అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది. ఆరేళ్ళు అలా గడిచాయి. జబ్బుకు పేరుందని తెలిసిన రోజు నుంచి ఆమె వరండా తలుపు గొళ్ళెం పెట్టుకుంది. వాడు మారలేదు, వాడి మాటా మారలేదు. పేరు ఒక్కటే కొత్తగా వచ్చింది.

మే నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేశారు. యాప్రాల్‌లో ఒక చిన్న బడిలో ఉద్యోగం దొరికింది, సగం జీతానికి. అక్కడ అప్పట్లో ఇళ్ళు తక్కువ, పొదలు ఎక్కువ. యాదగిరి సెలవు పెట్టి వెళ్ళి సామాను ఎక్కించి వచ్చాడు. నేనూ వస్తానంటే నన్ను కూర్చోమన్నాడు.

"మీరు ఇగ ఎవ్వలికి మంచి చెయ్యకుండ్రి మేడం. జెర దండం పెడ్త."

యాప్రాల్‌లో భాగ్యమ్మ లేదు. టీచరు బడిలో ఉన్నంతసేపూ దానియేలు గదిలో ఒక్కడే. ఎవరూ చూడకపోతే మాత్ర వేసుకున్నాడో లేదో తెలియదు. 1991 మార్చి 4, సోమవారం ఆమె సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తలుపు తీసి ఉంది, చెప్పులు లోపలే ఉన్నాయి. శనివారం యాదగిరి వచ్చి చెప్పాడు. అతను మల్కాజ్‌గిరిలో ఉండేవాడు. వారం రోజులు పని ముగించుకుని మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్ స్టేషన్లలో వెతికాడు. పోలీసు స్టేషన్లో ఫోటో ఇచ్చారు, చర్చీలో ప్రకటించారు. దొరకలేదు. వాడికి అప్పటికి ముప్ఫై ఒక్కేళ్ళు.

చదివి ఏం నేర్చుకున్నాను

మూడో బీరువాలోని 171 తెలుగు పుస్తకాల్లో 1990 నాటికి నేను 160 చదివి ఉన్నాను. చదివినదాన్ని నా మాటల్లో ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఎస్తేరు టీచరు వెళ్ళిపోయాక దాన్ని తీసి చూశాను. మనిషి ముందు నిర్ణయించుకుని తర్వాత కారణం వెతుక్కుంటాడని రాసి ఉంది. తనకంటే పెద్దవాడు అడిగితే అవసరమైనదానికంటే ఎక్కువ చెబుతాడని రాసి ఉంది. జబ్బుమనిషి కంటే జబ్బు పేరుకు జనం ఎక్కువ భయపడతారని రాసి ఉంది. ఆఖరిది రాసిన తేదీ 1986 ఆగస్టు. ఆ మూడూ నాకు తెలుసు. ఆ గురువారం తొమ్మిదిన్నరకు కరస్పాండెంటు గారు నా ఎదుట నిలబడినప్పుడు అందులో ఒక్కటీ పని చేయలేదు.

నా అభిప్రాయం కటువుగా ఉంటుంది, అయినా చెబుతాను. మనుషుల గురించి రాసిన పుస్తకాలు మనిషిని మంచివాడిని చేస్తాయని గ్రంథాలయ సభల్లో ఉపన్యాసాలు ఇస్తారు. నేను చూడలేదు. కరస్పాండెంటు గారు నాకంటే ఎక్కువ చదివారు. ఆయన ఆ చదువుతో మనుషుల్ని ఎలా తప్పించాలో నేర్చుకున్నారు. నేను పక్కవాళ్ళను గుర్తుపట్టడం నేర్చుకున్నాను. పెన్సిల్‌తో బావల పేర్లు రాసినవాళ్ళకూ నాకూ తేడా లేదు. నేను నోటుబుక్కులో సిరాతో రాశాను, అంతే. ఆ బీరువాలో ఒక పుస్తకం ఒక్క మనిషికి పని చేయడం కళ్ళారా చూశాను. వాడు దాంట్లో తనను చూసుకున్నాడు. చూసుకుని మందు వేసుకున్నాడు.

అందుకే నరసింహం గారి అంకెలు గొప్పవని ఇప్పుడు అంటాను. బల్ల వెనక కూర్చున్న మనిషి మంచిదై ఉండాలని ఆ పద్ధతి ఆశపడలేదు. గర్వం ఉన్నా, పిరికితనం ఉన్నా, పేపరు కప్పుకుని నిద్రపోతున్నా, చీమ తలంత అంకె ఎవరికీ ఏమీ చెప్పదు. మంచితనం మీద నడిచే పద్ధతిని నమ్మకండి. మీరు మంచిగా లేని రోజున కూడా చదువరిని కాపాడే పద్ధతి పెట్టుకోండి. ఇప్పుడు మీ బల్ల మీద కంప్యూటరు ఉంది. పేరు కొడితే ఆ మనిషి పదేళ్ళ చదువు తెర మీదకు వస్తుంది. ఎవరైనా వచ్చి మర్యాదగా అడిగితే, ఆయన మీ గదికి బెంచీలు ఇచ్చినా సరే, తెర మీదికి తేకండి.

1990 మే నుంచి సెప్టెంబరు వరకు యాదగిరీ నేనూ 1,126 కార్డులు తిరగరాశాం. పేర్లు తీసేసి నంబర్లు వేశాం. పాతవి పెరట్లో కాల్చేశాం. నీలం అట్ట పుస్తకం పాత కార్డు కరస్పాండెంటు గారు తిరిగి పంపారు. అది ఒక్కటి నా సొరుగులో పెట్టుకున్నాను. కానీ సంగతి అప్పటికే పాకింది. 1989లో మూడో బీరువా నుంచి 412 సార్లు పుస్తకాలు వెళ్ళాయి. 1991లో 163. వచ్చినవాళ్ళు ఇంటికి తీసుకువెళ్ళకుండా, బీరువా తలుపు వెనక నిలబడి చదివి పెట్టేసేవాళ్ళు. నేను అటు చూడకుండా ఉండటం నేర్చుకున్నాను.

యాప్రాల్

2004 తనిఖీలో, పద్నాలుగేళ్ళుగా ఎవరూ తీసుకోని పుస్తకంగా నీలం అట్టది రద్దు జాబితాలోకి వచ్చింది. అనుమతి తీసుకుని దాన్ని నేను ఉంచుకున్నాను. నవంబరు 14, ఆదివారం, గ్రంథాలయ వారోత్సవాల మొదటి సభ అయ్యాక, యాప్రాల్ బస్సెక్కాను. పాత కార్డు దాని జేబులో పెట్టాను. ఎందుకు తీసుకువెళ్ళానని అడిగితే సరైన జవాబు లేదు. ఆమెది ఆమెకు ఇచ్చేయాలనిపించింది.

ఎస్తేరు టీచరు అప్పుడే చర్చీ నుంచి వచ్చి ఉన్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి, కూర్చోమని, మంచినీళ్ళు ఇచ్చారు. తలుపు పక్కన మగవాళ్ళ చెప్పుల జత ఒకటి, దుమ్ము లేకుండా తుడిచి ఉంది.

పుస్తకం ఇచ్చాను. ఆమె అట్టను చేత్తో రాసి, నేరుగా మధ్యకు తెరిచారు. ఏ పేజీ కోసం తిప్పుతున్నారో నాకు అప్పుడు గుర్తొచ్చింది. బస్సులో గంటసేపు ఆ పుస్తకం నా ఒళ్ళోనే ఉంది, అప్పుడు గుర్తు రాలేదు.

87వ పేజీ అంచును ఆమె కిటికీ వెలుతురుకు పెట్టి చూశారు. వేలితో తడిమారు. అక్కడ కాగితం కొంచెం పల్చబడి ఉంది.

"తుడిచేశారా అండి?"

అవునన్నాను.

"బాగా తుడిచారు," అన్నారు. అందులో ఎత్తిపొడుపు లేదు. మంచి పని మంచిగా చేశారన్నట్టే అన్నారు. తర్వాత వెనక అట్ట తెరిచి, జేబులోంచి కార్డు తీసి, తన పేరు చదువుకుని నా చేతికి ఇచ్చారు.

"పుస్తకం ఉంచుకుంటానండి. ఇది మీ దగ్గరే ఉండాలి."

కార్డు ఇప్పుడు ఈ కాగితాల పక్కనే ఉంది. నా చేతిరాత ఇప్పటికీ చక్కగా కనిపిస్తుంది.

లెక్క

ఉద్యోగం ఒకటి, పద్నాలుగేళ్ళది. దాని తర్వాత రావలసిన కుర్చీ ఒకటి.

రెండు గదుల ఇల్లు ఒకటి. వరండాలో కనిపెట్టుకుని కూర్చునే ముసలావిడ ఒకరు.

మూడో బీరువా చదువరులు: మనుషులు ఎందరో తెలియదు. ఏడాదికి 249 సార్లు తగ్గింది.

చదువరి ఒకరు, జి. ఎస్తేరు, సభ్యత్వ సంఖ్య 318. గడువు దాటినది ఎప్పుడూ లేదు.

మనిషి ఒకడు, దానియేలు, ముప్ఫై ఒక్కేళ్ళు.

పెన్సిల్‌తో రాసిన మాటలు రెండు, అక్షరాలు నాలుగు.